రష్యా నుంచి రాని కాగితాలు

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది, పశ్చిమ దేశాలు దాని మీద ఆంక్షలు పెట్టాయి. కొద్ది వారాల్లోనే రష్యాలోని విదేశీ కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. టొయోటా ఆపేసింది, ఫోక్స్‌వాగన్ ఆపేసింది. లాడా కార్లు తయారుచేసే అవ్‌టోవాజ్‌లో మూడింట రెండొంతుల వాటా ఉన్న ఫ్రెంచి కంపెనీ రెనో మే నెలలో ఆ వాటాను రష్యా ప్రభుత్వ సంస్థకి ఒప్పజెప్పి బయటపడింది. ధర ఒక్క రూబుల్ అన్నారు. ఆరేళ్లలోగా తిరిగి కొనుక్కునే హక్కు మాత్రం రాయించుకుంది.

ఆంక్షల కాలపు వ్యాపారం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది చాలు. అయితే ఆ సంగతి తెలుసుకోవడానికి తెలుగువాళ్లు మాస్కో దాకా చూడక్కర్లేదు. నెల్లూరు తీరం ఈ అనుభవాన్ని ముప్పై ఏళ్లకు ముందే చవిచూసింది. అక్కడ బేరం కారు ఇంజిన్‌కి కాదు, రాకెట్ ఇంజిన్‌కి.

పెన్నా ఒడ్డున సంగం మొదలుకుని పులికాట్ అంచున తడ వరకూ జనానికి శ్రీహరికోట రాకెట్ కేంద్రం, షార్, సొంత ఊరి సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేటతో పాటు అదీ తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరు వాళ్లు దాన్ని వదులుకోలేదు. ఇప్పటికీ అది వాళ్ల షారే.

సూళ్లూరుపేట నుంచి తూర్పుకి వెళ్తే పులికాట్ సరస్సు నీళ్ల మధ్యగా రోడ్డు సాగుతుంది. సరస్సు దాటితే దీవి, దీవి దాటితే బంగాళాఖాతం. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటు ఎంచుకోవడానికి కారణాలు స్పష్టం. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ తప్పిపోయినా ఊళ్ల మీద పడదు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి భూభ్రమణం వేగం కలిసొస్తుంది. జనం తక్కువ. ఆ తక్కువ జనంలో ఎక్కువమంది యానాదులు. అడవిలో తేనె, దుంపలు, కట్టెలు, సరస్సులో చేపలు వాళ్ల బతుకుతెరువు. కేంద్రం వచ్చాక దీవి వాళ్లది కాకుండా పోయింది. షార్ చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీని దాటేసి పోకూడదు.

1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ-3 విఫలమైంది, 1980 జులై 18న గెలిచింది. 1994లో పీఎస్‌ఎల్‌వీ నిలదొక్కుకుంది. కానీ టీవీ, టెలిఫోన్ ఉపగ్రహాలు రెండు టన్నులకు పైగా తూగేవి. వాటిని 36 వేల కిలోమీటర్ల ఎత్తుకి పంపే శక్తి ఈ రాకెట్లకి లేదు. ఇన్సాట్‌లని తీసుకెళ్లి దక్షిణ అమెరికాలోని కౌరూలో యూరప్ వాళ్ల ఏరియాన్ రాకెట్ ఎక్కించి, డాలర్లలో కిరాయి కట్టి పంపేవాళ్లు.

లోటు ఎక్కడుందో ఇస్రోకి తెలుసు. రాకెట్ పైదశకి క్రయోజెనిక్ ఇంజిన్ కావాలి. అందులో ఇంధనం ద్రవ హైడ్రోజన్, దాన్ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాలి. దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్‌ని మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఈ రెండిటినీ తోడి పోసే టర్బోపంపు నిమిషానికి సుమారు 40 వేల చుట్లు తిరగాలి. ఒకవైపు గడ్డకట్టించే చలి, చేతి దూరంలో వేల డిగ్రీల మంట. ఆ తేడాకి లోహం పగలకూడదు, అతుకు కారకూడదు, బేరింగు పట్టేయకూడదు. అప్పటికి ఈ విద్య చేతిలో ఉన్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

అమెరికా, ఐరోపా కంపెనీలు చెప్పిన ధరలు ఎక్కువ. సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్ తక్కువకి ఒప్పుకుంది. 1991 జనవరి 18న ఒప్పందం కుదిరింది: సుమారు 235 కోట్ల రూపాయలకి రెండు ఇంజిన్లు, వాటితో పాటు తయారీ పరిజ్ఞానం. చంద్రుడి మీదకి మనిషిని పంపాలని సోవియట్ వాళ్లు 1960ల్లో రూపొందించి, ఎన్నడూ ఎగరేయకుండా పక్కన పెట్టిన ఇంజిన్ అది. ఆ బేరంలో అసలు విలువ ఇంజిన్లది కాదు, వాటి వెంట రావలసిన డ్రాయింగులది. ఏ మిశ్రమలోహం, ఏ అతుకు, ఏ పరీక్ష, ఏ వరుసలో అనే కాగితాలు చేతికొస్తే మూడో ఇంజిన్ నుంచి ఇక్కడే తయారుచేసుకోవచ్చు.

ఏడాది తిరక్కుండానే అమ్మినవాళ్ల దేశం మాయమైంది. సోవియట్ యూనియన్ స్థానంలో వచ్చిన రష్యా ఖజానా ఖాళీ, పశ్చిమ దేశాల సాయం దానికి ప్రాణవాయువు. క్షిపణి పరిజ్ఞానం వ్యాప్తిని అడ్డుకోవడానికి 1987లో కొన్ని దేశాలు పెట్టుకున్న నియమాలకి ఈ ఒప్పందం విరుద్ధమని అమెరికా అభ్యంతరం చెప్పింది. 1992 మేలో ఇస్రో మీదా గ్లావ్‌కాస్మోస్ మీదా రెండేళ్ల ఆంక్షలు ప్రకటించింది. అప్పట్లో సెనేటర్‌గా ఉన్న జో బైడెన్, రష్యాకి ఇచ్చే సాయాన్ని ఈ అమ్మకంతో ముడిపెడుతూ సవరణ తెచ్చారు.

ఆ అభ్యంతరంలో పస ఎంత? ప్రయోగానికి గంటల ముందు నింపుకోవలసిన ద్రవ హైడ్రోజన్‌తో యుద్ధానికి క్షిపణిని సిద్ధంగా ఉంచడం కుదిరే పని కాదు. దేశాలు సైన్యాలకి ఘన ఇంధనాన్నో, ట్యాంకుల్లో నిల్వ ఉండే ద్రవాలనో వాడతాయి. ఇస్రో అప్పుడు ఇదే చెప్పింది, తర్వాతి చరిత్ర కూడా దాన్నే బలపరిచింది. షార్ నుంచి ఎగిరిన క్రయోజెనిక్ దశల్లో ఏదీ ఆయుధాన్ని మోయలేదు.

1993 జనవరిలో ఢిల్లీ వచ్చిన రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ఒప్పందానికి కట్టుబడతామన్నారు. జులై వచ్చేసరికి రష్యా చేతులెత్తేసింది. పరిస్థితులు తమ అదుపు దాటాయంటూ పరిజ్ఞానం ఇచ్చే భాగాన్ని రద్దుచేసింది. బదులుగా దానికి అమెరికాతో వాణిజ్య ప్రయోగాల మార్కెట్టు, అంతరిక్ష కేంద్రంలో భాగస్వామ్యం దక్కాయి. భారత్‌తో బేరం మళ్లీ మొదటికొచ్చింది. చివరికి తేలింది ఏడు సిద్ధ ఇంజిన్లు. వస్తువు వచ్చింది, కాగితాలు రాలేదు. మాస్కోలో కొంతకాలం ఉండి వచ్చిన మన ఇంజనీర్లు కళ్లతో చూసి, చేత్తో చేసి నేర్చుకున్నదే మిగిలింది.

1994లో ఇస్రో సొంత క్రయోజెనిక్ దశ ప్రాజెక్టు మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబర్ 30న, ఆ కార్యక్రమానికి నాయకత్వం వహించిన నంబి నారాయణన్‌ని కేరళ పోలీసులు గూఢచర్యం ఆరోపణతో అరెస్టు చేశారు. 1996లో సీబీఐ ఆ ఆరోపణలు నిరాధారమని తేల్చింది. 2018 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు ఆయనకి 50 లక్షల పరిహారం ఇమ్మంది. ఒక దేశం తన శాస్త్రవేత్తకి చేసిన అన్యాయాన్ని ఒప్పుకోవడానికి ఇరవై నాలుగేళ్లు పట్టడం సిగ్గుపడవలసిన సంగతి.

1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలతో ఆంక్షల రెండో విడత వచ్చింది. ఆ ఏడాది నవంబర్‌లో అమెరికా వాణిజ్యశాఖ ప్రకటించిన జాబితాలో షార్ పేరు ఉంది, అక్కడి ఘన ఇంధన కర్మాగారం పేరూ ఉంది, హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ పేరూ ఉంది. లైసెన్సు లేనిదే అమెరికా సరుకు ఆ చిరునామాలకి చేరకూడదు. షార్ పేరు ఆ జాబితాలోంచి పోయింది 2011 జనవరిలో.

ఈ లోపు పెద్ద ఉపగ్రహాలని మోయడానికి రష్యా ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ అనే రాకెట్ సిద్ధమైంది. 2001 మార్చి 28న దేశమంతా చూస్తుండగా పక్కనున్న స్ట్రాపాన్ ఇంజిన్లు మండాయి, పొగ లేచింది, రాకెట్ మాత్రం కదల్లేదు. ఒక స్ట్రాపాన్‌లో తోపుడు బలం చాలకపోవడాన్ని కంప్యూటర్ పసిగట్టి ఆఖరి క్షణంలో ఆపేసింది. మూడు వారాల్లో సరిచేసి ఏప్రిల్ 18న ఎగరేశారు. ఏడు రష్యా ఇంజిన్లలో చివరికి ఆరు ఎగిరాయి.

సొంత ఇంజిన్ పని కేరళలోని వలియమలలో, తమిళనాడులోని మహేంద్రగిరిలో సాగింది. దాని తయారీలో తెలుగు నేలకీ వాటా ఉంది. ప్రత్యేక లోహాలు హైదరాబాద్ మిధాని నుంచి వచ్చాయి. గోద్రెజ్‌తో కలిసి ఇంజిన్‌ని తయారుచేసిన ఎంటార్ కంపెనీ కూడా హైదరాబాద్‌దే. రష్యా నుంచి రాని కాగితాలని ఈ ఫ్యాక్టరీల కార్మికులు, ఇంజనీర్లు ఒక్కో విడిభాగం చెడగొట్టుకుంటూ, మళ్లీ చేసుకుంటూ తామే రాసుకున్నారు.

2010 ఏప్రిల్ 15న స్వదేశీ ఇంజిన్‌తో తొలి జీఎస్‌ఎల్‌వీ లేచింది. కింది రెండు దశలూ సవ్యంగా పనిచేశాయి. క్రయోజెనిక్ దశలో హైడ్రోజన్‌ని ముందుకు నెట్టే బూస్టర్ టర్బోపంపు తిరగడం మొదలెట్టి ఆగిపోయింది. రాకెట్ సముద్రంలో పడింది. అదే ఏడాది డిసెంబర్ 25న రష్యా ఇంజిన్ అమర్చిన జీఎస్‌ఎల్‌వీ నిమిషం నిండకుండానే అదుపు తప్పింది, పేల్చేయాల్సి వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు. మూడేళ్ల పాటు జీఎస్‌ఎల్‌వీ మళ్లీ ఎగరలేదు.

2013 ఆగస్టు 19న మళ్లీ సిద్ధం చేశారు. ప్రయోగానికి గంటా పద్నాలుగు నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం కారుతోందని కనిపెట్టి కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్‌ని వెనక్కి తీసుకెళ్లి, ఆ దశ ట్యాంకుని వేరే అల్యూమినియం మిశ్రమంతో మార్చారు. 2014 జనవరి 5 సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకి లేచిన జీఎస్‌ఎల్‌వీ-డీ5, 1,982 కిలోల జీశాట్-14ని కక్ష్యలో దింపింది. ఒప్పందం కుదిరిన నాటి నుంచి ఇరవై మూడేళ్లు.

అప్పట్నుంచీ ఒక మాట బాగా చెలామణీలో ఉంది: ఆంక్షలు పెట్టి అమెరికా మనకి మేలే చేసిందని. షార్ చరిత్ర ఆ మాటని సమర్థించదు. ఆ ఇరవై మూడేళ్లలో పెద్ద ఉపగ్రహాలు చాలావరకు కౌరూ నుంచే వెళ్లాయి, ఆ కిరాయి దేశం కట్టింది. జీఎస్‌ఎల్‌వీ నిలబడటానికి పట్టిన కాలంలో ప్రపంచ ప్రయోగాల మార్కెట్టుని ఇతరులు పంచుకున్నారు. గెలుపు ఇంజనీర్లది, కార్మికులది. ఆ ఘనతని అడ్డుపడినవాళ్ల ఖాతాలో వేయడం వాళ్ల శ్రమని తక్కువ చేయడమే.

ఆంక్షలు షార్‌కి అనుకూలంగా తిరిగిన సందర్భం 2022లో వచ్చింది. రెనో రష్యా నుంచి బయటపడ్డ ఆ రోజుల్లోనే, బ్రిటన్‌కి చెందిన వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు రష్యా రాకెట్ల మీద వెళ్లాల్సి ఉంది. మార్చిలో రష్యా కొత్త షరతులు పెట్టడంతో కంపెనీ తప్పుకుంది. బైకనూర్ ప్రయోగ కేంద్రంలో సిద్ధం చేసిన 36 ఉపగ్రహాలు అక్కడే చిక్కుబడిపోయాయి. కొత్త వాటిని ఎక్కించే రాకెట్ కోసం వన్‌వెబ్ శ్రీహరికోట తలుపు తట్టింది. 2022 అక్టోబర్ 23న, 2023 మార్చి 26న ఎల్‌వీఎం-3 రాకెట్ రెండు విడతల్లో 72 ఉపగ్రహాలని పంపింది. ఒప్పందం విలువ వెయ్యి కోట్లకు పైనే. ఆ రాకెట్ పైదశలోని సీఈ-20 క్రయోజెనిక్ ఇంజిన్ ఇస్రో సొంత రూపకల్పన. అది లేకపోతే వన్‌వెబ్ అడిగినా షార్ ఔనని చెప్పగలిగేది కాదు.

2025 జులై 30న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద షార్ నుంచి వెళ్లింది నిసార్. నాసా, ఇస్రో కలిసి తయారుచేసిన రాడార్ ఉపగ్రహం అది. 1992లో ఏ ఇంజిన్‌ని అమెరికా అడ్డుకుందో, ఆ జాతి ఇంజిన్ మీదే అమెరికా ప్రభుత్వ సంస్థ తన రాడార్‌ని పంపింది. గ్లావ్‌కాస్మోస్‌తో కూడా బంధం తెగిపోలేదు. గగన్‌యాన్ వ్యోమగాములకి శిక్షణ ఇవ్వడానికి 2019లో ఇస్రో ఒప్పందం చేసుకుంది ఆ సంస్థతోనే. నలుగురు వైమానిక దళ పైలట్లు 2020లో మాస్కో దగ్గర శిక్షణ మొదలుపెట్టారు. మనుషులని మోయడానికి సిద్ధం చేస్తున్న ఎల్‌వీఎం-3 మాత్రం, పైదశ ఇంజిన్‌తో సహా, ఇక్కడిదే.