సువార్తలో 'ఋణం', బోధన్ నేలపై బాకీ

నిజామాబాదు ప్రాంతంలో క్రైస్తవ సువార్త చరిత్రను మన విమర్శకులు రెండు మాటల్లో తేల్చేస్తుంటారు: సామ్రాజ్యవాదం తెచ్చిన మతం, గంజి కోసం మారిన జనం. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. నైజాం రాజ్యంలో వెస్లియన్ మిషన్ బ్రిటిష్ ఛత్రచ్ఛాయలోనే పనిచేసింది. పొరుగునున్న మెదక్‌లో పాస్నెట్ కట్టించిన పెద్ద చర్చి (1924) కరువు కూలీల చెమటతోనే లేచింది. అయితే ఆ ప్రచారకులు చెప్పిన మాట విన్నవాళ్లకు ఏమని వినిపించింది? సాహిత్య విద్యార్థులు వేసుకోవలసిన ప్రశ్న ఇది.

తెలుగు బైబిల్లో మత్తయి సువార్తలోని ప్రార్థన క్షమించమని అడిగేది 'ఋణాల'ను. సిలువ ఫలాన్ని చెప్పే మాట 'విమోచన'. దాని పక్కనే 'క్రయధనం' ఉంటుంది, అంటే బానిసను సొమ్ము కట్టి విడిపించడం. సిలువ రోమన్లు బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసిన శిక్ష. (మనం మన పదం అనుకునే 'విమోచన'కు ఈ చరిత్ర కూడా ఉంది.) ఈ మాటలు వచ్చి పడింది భగేలా వ్యవస్థ నడిచిన నేల మీద. తండ్రి తెచ్చిన బాకీకి కొడుకు జీతం ఉండేవాడు. మిత్తి తరిగేది కాదు. 1936లో నైజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద చట్టం చేసినా ఊళ్లో దొర నోటిమాటే చట్టం. అలాంటి జీతగానికి, 'నీ బాకీ ఇంకొకరు కట్టేశారు' అన్న వార్త ఉత్త వేదాంతంగా వినిపించి ఉంటుందా?

పూర్వజన్మ పాపమని ఊరవతలికి నెట్టేసిన పెద్దరోగం వాళ్లకోసం 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ డిచ్‌పల్లిలో ఆస్పత్రి పెట్టారు. అందుకు విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. రోగిలో పాపాన్ని కాక జబ్బును చూసింది చాల్‌మూగ్రా నూనె సూదిమందే. కానీ ఆ రోగిని తాకడానికి చెయ్యి చాపించింది కృపా సిద్ధాంతమని ఒప్పుకోవడానికి మనకు మొహమాటం ఎందుకు?

మత్తయి 18వ అధ్యాయంలో ఒక కథ ఉంది. పదివేల తలాంతుల అప్పు మాఫీ చేయించుకున్న సేవకుడు, నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దొర గడీలో వినిపించవలసిన ఈ కథ ఎక్కువగా వాడలోనే వినిపించింది. దొర ఖాతాను చించే ఉద్యమంగా సువార్త మారలేదు. అప్పుపత్రాలు తగలబెట్టింది 1946-51 రైతాంగ పోరాటం, అదీ ప్రధానంగా నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల్లో.

నిజాంసాగర్ (1931) నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. జీతగాని కొడుకుకు కూలికీ, నౌకరీకీ కొత్త దారి కనబడింది. నౌకరీకి సర్టిఫికెట్ కావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ని షెడ్యూల్డ్ కులాల జాబితా నుంచి తప్పించింది. ఉచితమని చెప్పిన కృపకు రాజ్యం ధర కట్టింది. ఆదివారం ప్రార్థనలో ఒక పేరు, కాగితం మీద ఇంకో పేరు పెట్టుకుని బతకడం చాలామందికి తప్పలేదు. అదే ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. ఆ రెండు సవరణల్లోనూ క్రైస్తవ దళితులకు చోటు దక్కలేదు.