మినమాటా పిల్లులు

మా నానీమా జచ్చాకు సొర పిట్టు పెట్టేది. పాలు బాగా పడతాయని యకీన్. కోస్తా ఇళ్లలో మజహబ్ తేడా లేకుండా ఉన్న రివాజే. ఆ దస్తర్‌ఖాన్ గుర్తొస్తే నాకు జపాన్‌లోని మినమాటా యాదికొస్తుంది.

అక్కడ 1950లలో మొదట పిచ్చెక్కింది పిల్లులకు. గిరగిరా తిరిగి సముద్రంలో పడి చచ్చేవి. తర్వాత మనుషుల వంతు. చేతులు వణకడం, మాట తడబడటం, చూపు కుంచించుకుపోవడం. 1956 మే 1న ఆ వింత రోగం ఖబర్ ఆరోగ్య అధికారులకు అందింది. చిస్సో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం మఛ్లీలో చేరి, రోజూ అదే తినే గరీబ్ జాలర్ల ఒంట్లోకి దిగింది. 1959లో ఫ్యాక్టరీ డాక్టర్ హొసొకావా అక్కడి మురుగునీరు కలిపిన మేత ఒక పిల్లికి పెట్టాడు. అదీ అలాగే పడిపోయింది. కంపెనీ ఆ సబూత్‌ను దాచేసింది. జహర్ 1968 దాకా పారింది.

అసలు దర్ద్ వేరే. పైకి సేహత్‌గా కనిపించిన తల్లులకు అవిటి బిడ్డలు పుట్టారు. మాయ బిడ్డను కాపాడుతుందని అప్పటి డాక్టర్ల నమ్మకం. పాదరసం మాయను దాటేసింది.

అలాగని మఛ్లీ మానాలా? తౌబా! అందులోని ఒమేగా-3 బిడ్డ మెదడుకు ఫాయిదా. పెద్ద చేప చిన్నవాటిని మింగుతూ పాదరసం పోగేసుకుంటుంది, సొర ఆ వరసలో ముందుంటుంది. కవళ్లు, కానాగంతల్లో అది తక్కువ, పైగా సస్తా.

మా చెల్లి జచ్చా అయినప్పుడు అమ్మీతో ఝగడా పెట్టుకుని సొర బదులు కవళ్ల పులుసు వండించాను. నానీమా ఉంటే నా చెవి మెలిపెట్టేది.