విత్తనానికి పాసు పుస్తకం

మాది అనంతపురం జిల్లా. ఒక ఏడాది సబ్సిడీ విత్తన శనక్కాయల కోసం మా నాన్న తెల్లవారకముందే వరసలో నిలబడి, సాయంత్రానికి ఖాళీ గోనెసంచితో తిరిగొచ్చాడు. సేద్యం ఆయనది, పాసు పుస్తకం భూమి గలాయనది. కౌలుదారుకి విత్తనం లేదన్నారు.

ఇప్పుడు నేనుంటున్నది జర్మనీలో. మొన్న వెస్టర్‌వాల్డ్ కొండల్లో వైయర్‌బుష్ అనే పల్లెకి వెళ్తే అదే గుర్తొచ్చింది.

1846-47 చలికాలంలో అక్కడ కరువు. ప్రష్యా ప్రభుత్వం పిండి పంపింది కానీ, రొక్కమిచ్చినవాళ్ళకే అమ్మాలని షరతు పెట్టింది. రొక్కముంటే ఆకలెందుకు? ఊరి మేయరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజన్ ఆ మాట పక్కనపెట్టి పేదలకి అరువిచ్చాడు. కలిగినవాళ్ళని కూడగట్టి రొట్టెల సంఘం పెట్టాడు. తిండితో ఆగలేదు, విత్తే రోజులొచ్చేసరికి విత్తన బంగాళాదుంపలు కూడా సమకూర్చాడు. తర్వాత 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో రైతులు ఒకరికొకరు పూచీపడే పరపతి సంఘం నెలకొల్పాడు.

ఆ సంఘాలను చూసే ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి 1895-97లో నివేదిక ఇచ్చాడు, రైఫైజన్ బాట పట్టమని. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మా ఊరి సొసైటీ ఆ వంశంలోదే.

బాట వచ్చింది, పూచీ మాత్రం మనిషిని వదిలి కాగితానికి చేరింది. 2011లో ఆంధ్రప్రదేశ్ కౌలుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. అప్పటికి నాన్న సేద్యం మానేశాడు.

సాయం పంపడం ఒక ఎత్తు. అది అందుకోవడానికి పేదవాడి దగ్గర ఏం ఉండాలంటున్నామన్నది ఇంకో ఎత్తు.