డాలర్ బిల్లు, రూపాయి పన్ను: మన మిల్లుల్లో జరిగే తప్పు లెక్క

మొన్న నరసరావుపేటలో ఒక రైసుమిల్లు గుమాస్తా నా ముందు కాగితాలు పరిచాడు. చైనా నించి బియ్యం రంగు ఏరే మిషను తెప్పించారు. బ్యాంకులో ఎంత కోశారో దానిమీద 18 శాతం వేసి జీఎస్టీ క్రెడిట్ రాసుకున్నాడు. ఏందయ్యా ఇట్టా రాశావంటే, ‘‘డబ్బు పోయింది అంతే గందా’’ అన్నాడు.

ఈడే దెబ్బ తింటన్నారు మనోళ్లు.

విదేశీ సరుకుకి పన్ను వేసేది బ్యాంకు రేటు మీద కాదు. కస్టమ్స్ వాళ్లు నెలకి రెండుసార్లు డాలర్ రేటు ప్రకటిస్తారు. రేవులో బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజున ఏ రేటు నడుస్తా ఉంటే అదే లెక్క.

ఓడ కిరాయి, బీమా కలిపి 10,000 డాలర్లు, కస్టమ్స్ రేటు 84 అనుకుందాం. విలువ 8,40,000. సుంకం 7.5 శాతం అనుకుంటే 63,000. ఆ సుంకం మీద 10 శాతం సర్‌చార్జి 6,300. మొత్తం 9,09,300 అయింది గదా, దీనిమీద 18 శాతం ఐజీఎస్టీ 1,63,674. క్రెడిట్ ఇదే, పైసా ఎక్కువా కాదు, తక్కువా కాదు. సుంకం, సర్‌చార్జి 69,300 వెనక్కి రాదు, మిషను ఖరీదులో కలిసిపోద్ది.

తర్వాత బ్యాంకు 85.20 చొప్పున 8,52,000 కోసింది. గుమాస్తా దానిమీద 18 శాతం కట్టి 1,53,360 రాశాడు. 10,314 రూపాయలు వదిలేశాడన్నమాట. రేవులో కట్టిన సొమ్మే అది! పెరిగిన 12,000 ఎక్స్ఛేంజ్ తేడా ఖాతాకి పోవాల, జీఎస్టీకి దాంతో పనిలేదు. ఇన్‌కంటాక్స్ లెక్కలో అది మిషను ఖరీదుకి కలపాల్సి వస్తది, ఆడిటరుతో తేల్చుకోండి.

బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ జీఎస్టీ నంబరు సరిగా ఉంటేనే ఆ మొత్తం 2బీలో కనపడద్ది. 3బీలో దిగుమతి సరుకుల గడిలోనే రాయాల. ఇంకోమాట. ఈ మిల్లు బియ్యం 25 కిలోల లోపు లేబుల్ సంచుల్లో పోతాయి, 5 శాతం పన్ను ఉంది, కాబట్టి క్రెడిట్ దక్కింది. పన్నులేని పెద్ద బస్తాలే అమ్మే మిల్లుకి ఆ ఐజీఎస్టీ కూడా ఖర్చే. రెండూ అమ్మేటోళ్లకి వాటా ప్రకారం కోత.

విదేశీ సాఫ్ట్‌వేర్ చందా లాంటి సేవల సంగతి వేరే. ఆడ రేవు లేదు, బిల్ ఆఫ్ ఎంట్రీ లేదు. పన్ను మనమే రివర్స్ చార్జీ కింద కట్టాల, అదీ నగదుగా. పాత క్రెడిట్‌తో సర్దుతామంటే కుదరదు. కట్టినాక అదే నెల క్రెడిట్ తీసుకోవచ్చు. ఈడ కస్టమ్స్ రేటు పనికిరాదు, పన్ను పడే తేదీన అకౌంటింగ్ పద్ధతి ఒప్పుకునే రేటు వాడాల.

2017 జులైకి ముందు, వ్యాట్ రోజుల్లో, రేవులో కట్టింది రాష్ట్ర పన్నులో కలిసేదే కాదు. ఇప్పుడు కలుస్తంది. కానీ ఆ కాగితమంతా ఇంగ్లీషు. చదివి చెప్పేవాడు లేక మన గుమాస్తాలు బ్యాంకు మెసేజి చూసి పన్ను రాస్తన్నారు. పేట కుర్రాడు ఆ నెల 3బీ ఇంకా వెయ్యలేదు, బతికిపోయాడు.