ఎల్లెన్ క్విన్ కెల్లీ: విక్టోరియా వలస ప్రాంతంలో ఒక ఐరిష్ తల్లి కుటుంబ చరిత్ర

ఎల్లెన్ క్విన్ 1832లో ఐర్లండు దేశంలోని ఆంట్రిమ్ కౌంటీలో జన్మించి, బాల్యంలోనే ఆస్ట్రేలియాకు వలస వచ్చి, 1923లో విక్టోరియా రాష్ట్రంలోని గ్రేటా గ్రామం వద్ద మరణించిన స్త్రీ. చరిత్ర గ్రంథాలు ఆమెను సాధారణంగా ఒక్క మాటతో పరిచయం చేస్తాయి: 1880లో ఉరితీయబడిన బందిపోటు నెడ్ కెల్లీ తల్లి. ఆమె మాత్రం పన్నెండుమంది బిడ్డలను కన్న తల్లి, సొంత పేరున భూమి తీసుకున్న రైతు, కోర్టులో ఒకసారి వాదిగాను మరొకసారి ముద్దాయిగాను నిలిచిన మనిషి.

నాటాల్‌కు వచ్చిన మన పూర్వీకుల చరిత్రల నడుమ ఈ ఐరిష్ స్త్రీ చరిత్రను చేర్చుటకు కారణమున్నది. మన కుటుంబాల వంశవృక్షాలను సేకరించునప్పుడు తాతల పేర్లు సులభంగా లభించుచున్నవి, అవ్వల పేర్లు లభించుట లేదు. జైలు, రెండవ పెళ్ళి, భర్త విడిచిపోవుట వంటి సంగతులు ఉన్నచోట ఆ స్త్రీ పేరునే కుటుంబం వారు దాటవేయుచున్నారు. ఇవన్నీ జరిగిన ఒక స్త్రీ జీవితాన్ని ప్రభుత్వ పత్రాల ఆధారంగా ఎంతవరకు తిరిగి నిర్మించవచ్చునో ఎల్లెన్ చరిత్ర చూపుతుంది.

ఓడ ప్రయాణం

ఎల్లెన్ తండ్రి జేమ్స్ క్విన్, తల్లి మేరీ మెక్‌క్లస్కీ. ఈ కుటుంబం 1841 జూలైలో ‘ఇంగ్లండ్’ అను ఓడలో పోర్ట్ ఫిలిప్ రేవుకు చేరినది. నేటి మెల్‌బోర్న్ నగర ప్రాంతమే ఆనాటి పోర్ట్ ఫిలిప్. అది అప్పుడు న్యూ సౌత్ వేల్స్‌లో భాగం. 1851లో విక్టోరియా అను ప్రత్యేక వలస రాజ్యమైనది.

క్విన్ కుటుంబం బౌంటీ పద్ధతిలో వచ్చినది. వలస ప్రభుత్వం భూములు అమ్మగా వచ్చిన సొమ్ములో నుండి, పనికి తగిన మనుషులను తీసుకొనివచ్చిన ఏజెంట్లకు తలకు ఇంత అని చెల్లించేది. మన వారి ప్రయాణానికి కూడ ఇతరులే ఖర్చు పెట్టారు. కాని ముఖ్యమైన తేడా ఒకటున్నది. బౌంటీపై వచ్చిన కుటుంబం రేవులో దిగిన తరువాత తనకు నచ్చిన చోట కూలి కుదుర్చుకొనవచ్చును. మన వారు ఐదేళ్ళ గిర్మిట్ ఒప్పందానికి కట్టుబడి, కేటాయించిన తోటకే వెళ్ళవలసివచ్చినది.

క్విన్ కుటుంబం మెల్‌బోర్న్ ఉత్తర దిక్కున బ్రన్స్‌విక్, బ్రాడ్‌మెడోస్, వాలన్ ప్రాంతాలలో కౌలు భూములపై పశువులను పెంచుతూ క్రమంగా నిలదొక్కుకున్నది. ఈ భూములన్నీ అంతకుముందు ఆదివాసి జాతుల నివాసాలు. వారిని తొలగించిన తరువాతనే అవి వలసదారులకు దక్కినవని మరువరాదు.

మొదటి వివాహం

1850 నవంబరు 18న మెల్‌బోర్న్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఎల్లెన్‌కు జాన్ కెల్లీతో వివాహం జరిగినది. జాన్ టిప్పరరీ కౌంటీవాడు. రెండు పందులను దొంగిలించిన నేరానికి ఏడేళ్ళ ప్రవాస శిక్ష పొంది, నేటి టాస్మానియాకు ఖైదీగా పంపబడి, శిక్ష ముగిసిన పిమ్మట 1848లో పోర్ట్ ఫిలిప్‌కు వచ్చినవాడు.

వీరి మొదటి బిడ్డ పసితనంలోనే మరణించినది. తరువాత ఆనీ, నెడ్, మాగీ, జిమ్, డాన్, కేట్, గ్రేస్ జన్మించారు. విక్టోరియాలో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1853లో ప్రారంభమైనది. అయినను నెడ్ జననానికి నమోదు పత్రం లేదు. అందుచేత ఆ దేశంలో అందరికీ తెలిసిన మనిషి పుట్టినది 1854 చివరనా, 1855లోనా అను చర్చ నేటికీ సాగుచున్నది. 1859లో జాన్ బెవరిజ్ గ్రామంలో కట్టిన ఇల్లు మాత్రం ఇప్పటికీ నిలిచియున్నది.

1864లో కుటుంబం ఎవెనెల్‌కు మారినది. మరుసటి ఏడాది దొంగ పశువు తోలు దగ్గర ఉంచుకున్నాడను నేరంపై జాన్‌కు 25 పౌండ్ల జరిమానా పడినది. చెల్లించలేక జైలు అనుభవించాడు. 1866 డిసెంబరు 27న ఒళ్ళు నీరుపట్టి మరణించాడు. అప్పటికి ఎల్లెన్ ముప్పైనాలుగేళ్ళ విధవరాలు. పోషించవలసిన బిడ్డలు ఏడుగురు.

ఎనభై ఎనిమిది ఎకరాలు

1867లో ఎల్లెన్ బిడ్డలతో ఈశాన్య విక్టోరియాలోని గ్రేటాకు వెళ్ళి, అక్కడ తన సోదరీమణులతో కలిసి మూతబడిన ఒక హోటలు భవనంలో నివసించినది. మరుసటి ఏడాది భర్త తమ్ముడే ఆ ఇంటికి నిప్పు పెట్టాడు. ఆ నేరానికి న్యాయమూర్తి రెడ్‌మండ్ బ్యారీ అతనికి మరణశిక్ష విధించగా, తరువాత అది 15 ఏళ్ళ కఠిన శిక్షగా తగ్గించబడినది.

ఇల్లు కాలిన తరువాత ఎల్లెన్ దగ్గరలోని ఎలెవన్ మైల్ క్రీక్ వద్ద 88 ఎకరాలు తీసుకున్నది. పెద్ద పశుపోషకుల చేతిలో ఉన్న ప్రభుత్వ భూములను చిన్న రైతులకు ఇచ్చుటకు విక్టోరియా ప్రభుత్వం 1860ల నుండి వరుసగా చట్టాలు చేసినది. 1869 చట్టం ప్రకారం 320 ఎకరాల వరకు ఎంచుకొనవచ్చును. ఎకరాకు ఏడాదికి 2 షిల్లింగులు చెల్లించుచు, భూమిపైనే నివసించి, కంచె వేసి, కొంత సాగుచేసి చూపినవారికే హక్కు. పెట్టుబడి లేనివారికి ఈ షరతులు తీర్చుట కష్టం. విధవరాలు తన పేరున దరఖాస్తు చేయగలుగుట వలన ఎల్లెన్ పేరు భూమి పత్రాలలోనికి ఎక్కినది. చట్టం ఆమెకు ఇచ్చిన మేలు ఇది.

ఇదే కాలంలో ఆమెకు బిల్ ఫ్రాస్ట్ అనువానితో ఒక ఆడబిడ్డ కలిగినది. అతడు పెళ్ళి చేసుకొనలేదు. ఎల్లెన్ ఊరుకొనక కోర్టుకు వెళ్ళి బిడ్డ పోషణ ఖర్చు ఇప్పించుకున్నది. ఆ బిడ్డ దక్కలేదు. 1874లో ఆమె కాలిఫోర్నియా నుండి వచ్చిన జార్జ్ కింగ్‌ను వివాహమాడినది. ముగ్గురు బిడ్డలు కలిగారు. తరువాత అతడును ఆమెను విడిచి వెళ్ళాడు.

విచారణ, కారాగారం

1878 ఏప్రిల్ 15న అలెగ్జాండర్ ఫిట్జ్‌పాట్రిక్ అను కానిస్టేబులు గుర్రాల దొంగతనం కేసులో డాన్‌ను పట్టుకొనుటకు ఎల్లెన్ ఇంటికి వచ్చాడు. నెడ్ తనను తుపాకితో కాల్చాడనియు, ఎల్లెన్ పారతో తన తలపై కొట్టినదనియు అతడు ఫిర్యాదు చేశాడు. నెడ్ ఆనాడు తాను అక్కడ లేనన్నాడు. ఎల్లెన్, అల్లుడు విలియం స్కిలియన్, పొరుగువాడు విలియం విలియమ్సన్ అరెస్టు అయ్యారు.

అక్టోబరులో బీచ్‌వర్త్‌లో విచారణ జరిగినది. న్యాయమూర్తి మరల రెడ్‌మండ్ బ్యారీయే. ఎల్లెన్‌కు మూడేళ్ళు, పురుషులిద్దరికి ఆరేళ్ళు శిక్ష పడినది. ఆమె చేతిలో ఏప్రిల్‌లో పుట్టిన పసికందు ఆలిస్ ఉన్నది. ఫిట్జ్‌పాట్రిక్ 1880లో పోలీసు ఉద్యోగం నుండి తొలగించబడ్డాడు.

తల్లి శిక్ష పొందిన అదే నెల 26న స్ట్రింగీబార్క్ క్రీక్ వద్ద నెడ్ ముఠా కెన్నెడీ, లోనిగన్, స్కాన్లన్ అను ముగ్గురు పోలీసులను చంపినది. ఆ ముగ్గురును ఐర్లండులో పుట్టినవారే. శిక్ష వేసిన బ్యారీయు ఐరిష్‌వాడే. ఒకే దేశం నుండి వచ్చినవారు వలస రాజ్యంలో న్యాయమూర్తి, పోలీసు, పేద రైతు అను మూడు స్థానాలలో ఎదురెదురుగా నిలిచారు. కొడుకుపై తల్లికున్న ప్రేమను చెప్పునప్పుడు, చనిపోయిన పోలీసుల కుటుంబాల దుఃఖాన్ని తక్కువ చేయరాదని మా అభిప్రాయం.

1880 జూన్‌లో గ్లెన్‌రోవన్ ముట్టడిలో డాన్ మరణించాడు, నెడ్ పట్టుబడ్డాడు. నవంబరు 11న మెల్‌బోర్న్ జైలులో నెడ్‌ను ఉరితీశారు. ఎల్లెన్ ఆ సమయంలో అదే జైలులో ఖైదీగా ఉన్నది. ముందురోజు కొడుకును చూచుటకు ఆమెకు అనుమతి లభించినది. 1881 ఫిబ్రవరిలో ఆమె విడుదలైనది.

చివరి నలభైరెండేళ్ళు

ప్రసిద్ధ గ్రంథాలు చాలవరకు 1880తో ముగియును. ఎల్లెన్ ఆ తరువాత నలభైరెండేళ్ళు జీవించినది. గ్రేటాకే తిరిగి వచ్చి, కుమారుడు జిమ్ తోడుగా నివసించినది. 1898లో కుమార్తె కేట్ న్యూ సౌత్ వేల్స్‌లోని ఫోర్బ్స్ వద్ద నీటమునిగి మరణించగా, ఆమె పిల్లలను తెచ్చి అమ్మమ్మ పెంచినది. ఆనీ, మాగీ కూడ తల్లికంటె ముందే పోయారు. పన్నెండుమందిలో కనీసం ఏడుగురి మరణాన్ని ఎల్లెన్ చూచినది. జార్జ్ కింగ్ వలన కలిగిన కుమారుడు జాన్ గుర్రపు స్వారీలో పేరుపొంది, పశ్చిమ ఆస్ట్రేలియా పోలీసు శాఖలో పనిచేశాడు. 1923 మార్చి 27న తొంభై ఏళ్ళు దాటిన వయసులో ఎల్లెన్ కన్నుమూసినది. గ్రేటా శ్మశానంలో ఆమెను ఖననం చేశారు.

మన కుటుంబాలకు ఉపయోగం

ఎల్లెన్ పేరు పత్రాలలో కనిపించినది ప్రభుత్వంతో పని పడినప్పుడే: ఓడ, వివాహం, భూమి, కోర్టు, జైలు. నాటాల్‌లోనూ ఇంతే. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు వచ్చిన 1,52,184 మందికి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటి గుర్తులు రిజిస్టర్లలో వ్రాశారు. తల్లి పేరు వ్రాయుటకు అందులో చోటు లేదు. అందుచేత తల్లి వంశమును ఇంటి పెద్దలను అడిగియే తెలుసుకొనవలెను.

రెండవది, శిక్ష సంగతి. అనుమతి చీటీ లేక తోట దాటుట, పనికి రాకుండుట నాటాల్‌లో శిక్షార్హ నేరాలు. 1895 చట్టం వలన ఏటా కట్టవలసిన 3 పౌండ్ల పన్ను స్త్రీలకును వర్తించినది. ఇట్టి చట్టాల క్రింద శిక్ష పొందిన అవ్వ దొంగ కాదు. ఆమె కోర్టు పత్రమే ఒక్కొక్కప్పుడు ఆమె బ్రతికియున్నదనుటకు మిగిలిన ఏకైక సాక్ష్యము.

కావున వంశవృక్ష పత్రము నింపు కుటుంబాలకు మా మనవి ఇది. ప్రతి తరములోను స్త్రీ పుట్టింటి పేరు, ఓడ పేరు, ఆమె సంఖ్య, పనిచేసిన తోట, ఆమె కన్న బిడ్డలందరి పేర్లు, పసితనంలో పోయినవారితో సహా, వ్రాయవలెను. రెండు వివాహములున్నచో రెండును వ్రాయవలెను. బయటికి చెప్పుటకు ఇష్టము లేని సంగతిని ప్రకటించనవసరము లేదు. అందుకు వేరు గడి ఉన్నది. పేరును మాత్రము విడువరాదు.