విశ్రాంతి ఎవరి హక్కు? (మన దేహాల చరిత్ర – 9)

రెండు వారాలుగా ఈ వ్యాసాలు ఆగిపోయాయి. ఎందుకు రాయడం లేదని చాలామంది ఇన్‌బాక్స్‌లో అడిగారు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే లాప్రోస్కోపీ చేసి తీసేశారు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, అంతే. చూసేవాళ్లకు నాకేమీ కానట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. నాలుగో రోజు పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను, నీళ్ల బకెట్ ఎత్తాను. ఆ రాత్రి పొట్టంతా లాగేసి, మర్నాడు మంచం దిగలేకపోయాను. ఆపరేషన్‌లో పొట్టలోకి నింపిన గ్యాస్ వల్ల భుజాల నొప్పి ముందునుంచే ఉంది.

చూసుకోడానికి వచ్చిన అమ్మ తిట్టింది. "చర్మం మానితే లోపల మానినట్టా? పడుకోవే" అంది. అంతా తెలిసినట్టు చెప్తున్నావేమే అన్నాను. చీర కాస్త జరిపి బొడ్డు కింద మచ్చ చూపించింది. "నాకు చేసిందీ ఈ గొట్టం ఆపరేషనే."

1991లో, తమ్ముడు పుట్టాక, పిల్లల ఆపరేషన్. జీపులో తీసుకెళ్లారు. బడి వరండాలో పట్టా మీద వరసగా పడుకోబెట్టారు. సాయంత్రానికి ఇంట్లో దించారు. నాలుగో రోజు అమ్మ మిరపకోతకు పోయింది. "కోతలప్పుడు ఒక మనిషి పడుకుంటే ముఠా ఆగుద్దా?" అంది.

కీహోల్ సర్జరీ అనగానే మనకు ఏసీ గదుల ఆసుపత్రి గుర్తొస్తుంది. ఈ పద్ధతిలో గాల్‌బ్లాడర్‌ను మొదట తీసింది 1985లో, జర్మనీలో, ఎరిక్ మ్యూహే. అప్పటికే మన దేశంలో అదే గొట్టం క్యాంపుల్లో పేద ఆడవాళ్ల పొట్టల్లోకి దిగింది. జబ్బు నయం చేయడానికి కాదు, టార్గెట్ పూర్తి చేయడానికి.

ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, 80 లక్షలకు పైగా స్టెరిలైజేషన్లు జరిగాయి. ఎక్కువ మంది మగవాళ్లే. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. మళ్లీ మగవాళ్ల జోలికి పోయే ధైర్యం ఎవరూ చేయలేదు. బరువు మొత్తం ఆడవాళ్ల మీదకు మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వాటా ఒక శాతం కూడా లేదు.

2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో, కొన్ని గంటల్లో, 83 మందికి లాప్రోస్కోపీ చేశారు. ఆ రోజుల్లో అక్కడి క్యాంపులకు వెళ్లిన వాళ్లలో కనీసం 13 మంది చనిపోయారు. ఎక్కువ మంది దళిత, ఆదివాసీ, బీసీ స్త్రీలు. మూడేళ్లలో క్యాంపులు ఆపేయాలని 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు. నలుగురు చనిపోయారు.

చనిపోయిన వాళ్లు వార్తల్లోకి ఎక్కారు. బతికి నాలుగో రోజు పనికి పోయినవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు.

విశ్రాంతి అవసరమని ప్రభుత్వానికి తెలియదా? తెలుసు. 48 గంటల తర్వాత తేలిక పనులు, రెండు వారాలకు మెల్లమెల్లగా మామూలు పనులు అని దాని మాన్యువల్‌లోనే ఉంది. 1981 నుంచి ఈ ఆపరేషన్‌కు ఇచ్చే డబ్బుకు పెట్టిన పేరే కూలి నష్టపరిహారం. అమ్మకు ఆ పేరు తెలియదు. 'ఆపరేషన్ డబ్బులు' అంటుంది. 1995లో ప్రసూతి ప్రయోజన చట్టంలో 9ఎ సెక్షన్ చేర్చి, ట్యూబెక్టమీ తర్వాత రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. అది ఫ్యాక్టరీలో, ఆఫీసులో పనిచేసే ఆమెకు. మిరపచేలో వంగిన ఆమెకు కాదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని వాదించారు. విశ్రాంతిని ఆయన యజమాని దయగా చూడలేదు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది, ఫ్యాక్టరీ స్త్రీల వరకే. పొలం అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే.

నేను జీతం పోకుండా పడుకున్నాను. మొదట్లో అదే తప్పు చేస్తున్నట్టు అనిపించింది. పడుకుంటే సోమరి అనే మాట మన వాడల మీద ఎన్ని తరాలు పడిందో, మనలో అంత లోతుకు దిగింది. ఇప్పుడు అమ్మ చెప్పినట్టే చేస్తున్నాను. పూటకు ఐదు నిమిషాల నడక, రెండు రోజులకోసారి ఇంకో రెండు నిమిషాలు. అలుపు రాకముందే ఆగడం. ఒంట్లో బాగుందని రేపటి పని ఇవాళే చేయకపోవడం. డాక్టర్ చెప్పేదాకా బరువులు ఎత్తకపోవడం. జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా, కళ్లు పచ్చబడినా ఆగకుండా ఆసుపత్రికి పోవడం. ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకూ చెప్తున్నాను. మానని ఒంటితో ర్యాలీకి రావడం త్యాగం కాదు.

ఒక పని పెడుతున్నాను. మీ అమ్మల్ని అడగండి. ఆపరేషన్ అయ్యాక ఎన్నో రోజు పనికి పోయారు, ఏ పనికి పోయారు? వాళ్లు ఒప్పుకుంటే, పేర్లు లేకుండా, కింద రాయండి. ఆ లెక్క ఏ సర్వేలోనూ లేదు. మనమే రాసుకోవాలి.

జై భీమ్.