క్లయింట్ కోసం రాసే చదువు

అమెరికాలో పబ్లిక్ పాలసీ పీజీ విద్యార్థులు చాలాచోట్ల సిద్ధాంత గ్రంథం రాసి పట్టా తీసుకోరు. ఒక నగరపాలక సంస్థకో, రాష్ట్ర ప్రభుత్వ శాఖకో, స్వచ్ఛంద సంస్థకో ఎదురైన చిక్కును తీసుకుని, దానికి ఏం చేయవచ్చో తేల్చి నివేదిక ఇస్తారు. ఆ సంస్థను క్లయింట్ అంటారు. ఈ పనిని బర్క్‌లీలో అడ్వాన్స్‌డ్ పాలసీ అనాలిసిస్ అనీ, హార్వర్డ్ కెనెడీ స్కూల్‌లో పాలసీ అనాలిసిస్ ఎక్సర్‌సైజ్ అనీ పిలుస్తారు. అయితే ఈ పద్ధతి పుట్టింది విశ్వవిద్యాలయంలో కాదు, న్యూయార్క్ వీధుల్లో.

1906లో బ్యూరో ఆఫ్ సిటీ బెటర్‌మెంట్ అనే చిన్న సంస్థ మన్‌హట్టన్ వీధుల మరమ్మతుల మీద దృష్టి పెట్టింది. పద్దుల్లో రాసిన ఖర్చుకీ, వీధిలో కంటికి కనిపించే పనికీ పొంతన ఉందో లేదో చూసింది. తేలిన సంగతులను చిన్న పుస్తకంగా అచ్చువేసి జనం ముందుంచింది. తరువాత జరిగిన విచారణ మన్‌హట్టన్ బరో అధ్యక్షుడు జాన్ అహెర్న్ పదవికే ఎసరు తెచ్చింది. గవర్నర్ చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ ఆయనను తొలగించారు. 1907లో ఆ సంస్థే న్యూయార్క్ బ్యూరో ఆఫ్ మునిసిపల్ రీసెర్చ్ అయింది. దాన్ని నడిపినవారు విలియం అలెన్, హెన్రీ బ్రూయర్, ఫ్రెడరిక్ క్లీవ్‌లాండ్. 1908లో బ్యూరో నగర బడ్జెట్‌ను ప్రదర్శనగా పెట్టింది. కొద్ది సెంట్లకు దొరికే టోపీల కొక్కేన్నీ, దానికి నగరం చెల్లించిన మొత్తాన్నీ పక్కపక్కన చూపించారు. బడ్జెట్ అంటే ఏమిటో సామాన్యుడికి చెప్పడానికి ఇంతకన్నా సూటి మార్గం లేదు.

ఇలాంటి పని చేయగలవాళ్లు చాలామంది కావాలి, అప్పటి కళాశాలలు మాత్రం వాళ్లను తయారుచేయడం లేదు. రైల్వే సంపన్నుడు హారిమన్ భార్య మేరీ హారిమన్, భర్త మరణించాక, ఇందుకు డబ్బు సమకూర్చారు. ఆ సాయంతో 1911లో బ్యూరోలోనే ట్రైనింగ్ స్కూల్ ఫర్ పబ్లిక్ సర్వీస్ మొదలైంది. అమెరికాలో ప్రజాసేవకు శిక్షణ ఇచ్చిన మొదటి పాఠశాల ఇదే. తరగతి గది కన్నా పురపాలక కార్యాలయాల్లో చేసిన పనే ఇక్కడ అసలు చదువు. తరువాత న్యూయార్క్ రూపురేఖలు మార్చిన రాబర్ట్ మోజెస్ ఇక్కడికి వచ్చినవారే. చరిత్రకారుడు చార్లెస్ బియర్డ్ కొంతకాలం ఈ పాఠశాలకు నాయకత్వం వహించారు. 1912లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ అసోసియేషన్ కూడా ప్రజాసేవలో ఆచరణ శిక్షణ గురించి ఒక సంఘాన్ని వేసింది. విస్కాన్సిన్ శాసనసభకు రిఫరెన్స్ లైబ్రరీ నెలకొల్పిన చార్లెస్ మెకార్తీ దానికి అధ్యక్షులు.

1924లో బ్యూరో శిక్షణ పాఠశాల సిరక్యూస్ విశ్వవిద్యాలయానికి తరలి మాక్స్‌వెల్ స్కూల్‌కు పునాది అయింది. బ్యూరోలో పనిచేసిన విలియం మోషర్ దానికి తొలి డీన్.

రెండో మలుపు వాషింగ్టన్‌లో వచ్చింది. 1961లో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా, రాండ్ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన చార్లెస్ హిచ్‌తో కలిసి, లక్ష్యాలనూ కార్యక్రమాలనూ బడ్జెట్‌తో ముడిపెట్టే విధానం ప్రవేశపెట్టారు. 1965 ఆగస్టులో అధ్యక్షుడు జాన్సన్ దాన్ని మిగతా ఫెడరల్ శాఖలకూ విస్తరించమన్నారు. అంత పనికి సరిపడా విశ్లేషకులు ఎక్కడా లేరు. ఆ తరువాతి కొద్ది ఏళ్లలోనే మిషిగన్, కార్నెగీ మెలన్, బర్క్‌లీ, హార్వర్డ్, టెక్సస్, డ్యూక్ విశ్వవిద్యాలయాల్లో పాలసీ కోర్సులు వరుసగా మొదలయ్యాయి.

వీటిలో బర్క్‌లీ కథ ప్రత్యేకం. 1969లో మొదలైన ఆ పాఠశాల తొలి డీన్ ఆరన్ విల్డావ్‌స్కీ ఆ బడ్జెట్ విధానాన్ని గట్టిగా విమర్శించినవారు. విధాన విశ్లేషణను ఆ బడ్జెట్ పద్ధతి బారి నుంచి కాపాడాలని అదే ఏడాది వ్యాసం రాశారు. ఆయన దృష్టిలో విశ్లేషణ సూత్రాలు అప్పజెప్పేది కాదు, చేతిపనిలా చేస్తూ నేర్చుకునేది. అందుకే అక్కడ మొదటి ఏడాదిలోనే విద్యార్థులు జట్లుగా క్లయింట్ పని చేస్తారు, రెండో ఏడాది ఎవరి క్లయింట్ వారికే. అక్కడి అధ్యాపకుడు యూజీన్ బార్డాక్ ఈ పనిని ఎనిమిది మెట్లుగా అమర్చారు. సమస్యను నిర్వచించడం, ఆధారాలు పోగుచేయడం, ప్రత్యామ్నాయాలు రూపొందించడం, వాటిని తూచే ప్రమాణాలు ఎంచుకోవడం, ఫలితాలను అంచనా వేయడం, ఒకటి కావాలంటే మరొకటి ఎంత వదులుకోవాలో చూడటం, నిర్ణయించడం, చివరికి కథ చెప్పడం. తేల్చిన విషయాన్ని న్యూయార్క్ టాక్సీ డ్రైవరుకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే పని పూర్తికాలేదనే పరీక్ష కూడా ఆయనదే. చివరి మెట్టు తేలికనిపిస్తుంది గానీ, మిగతా ఏడింటిలోని లొసుగులన్నీ అక్కడే బయటపడతాయి. 1970లో తెరిచిన టెక్సస్‌లోని ఎల్‌బీజే స్కూల్ మరో దారి పట్టింది. అక్కడ విద్యార్థుల బృందం అధ్యాపకులతో కలిసి ఏడాది పొడవునా ఒకే అంశంపై ఒక సంస్థ కోసం పనిచేస్తుంది.

1960ల నుంచి ప్రభుత్వాలు సంక్షేమ సేవలను స్వచ్ఛంద సంస్థలతో కాంట్రాక్టులపై చేయించడం పెరిగింది. దాంతో అవి కూడా క్లయింట్ల వరుసలో చేరాయి. సొంతంగా విశ్లేషకులను పెట్టుకోలేని చిన్న సంస్థకు ఒక విద్యార్థి శ్రమ పెద్ద ఆసరా.

ఈ దారిలో ఒక సంబంధం తలకిందులైంది. 1906లో నగర పాలకులు తనిఖీకి గురైన పక్షం, నివేదిక అందినది పౌరులకు. బర్క్‌లీ నాటికి ఆ పాలకులే పని అప్పగించేవారయ్యారు, నివేదిక ముందుగా చేరేది వారి బల్ల మీదికే. దీనివల్ల విద్యార్థికి కార్యాలయం తలుపులు తెరుచుకున్నాయి, లోపలి లెక్కలు అందాయి, రాసినదాన్ని అమలు చేయగల పాఠకుడు దొరికాడు. కానీ సమస్యను ఎలా చూడాలో మొదట చెప్పేది క్లయింటే. ఆ చూపు సరైనదో కాదో అడగడమే విద్యార్థికి మొదటి పరీక్ష, బార్డాక్ మొదటి మెట్టు సమస్య నిర్వచనం కావడం అందుకే. బర్క్‌లీ నివేదికల మొదటి పుటల్లో ఒక ప్రకటన అచ్చవుతుంది: ఇందులోని అభిప్రాయాలు, నిర్ధారణలు పూర్తిగా రచయితవే, వాటిని పాఠశాలగానీ విశ్వవిద్యాలయంగానీ మరే సంస్థగానీ ఆమోదించినట్టు కాదు.